గడులలో తర్కము: నలుగురు వ్యోమగాముల చిక్కుప్రశ్న

తాళముచెవి ఇంటిలోని నాలుగు పెట్టెలలో ఏదో ఒకదానిలో ఉన్నది. మూడు పెట్టెలు వెదకినను అది దొరకలేదు. ఇక నాల్గవ పెట్టె మూత తీయకమునుపే చెవి అందులో ఉన్నదని ఎవరైనను చెప్పగలరు. కంటితో చూడని వస్తువును గురించి ఇంత నిశ్చయముగా చెప్పుటకు రెండు ఆధారములు కలవు. చెవి ఆ నాలుగు పెట్టెలలోనే ఉన్నదనుట మొదటిది. మూడింటిలో లేదనుట రెండవది. ఈ రెండును గట్టివైనంతవరకు నిర్ణయమును గట్టిదే. అటకమీద ఐదవ పెట్టె యొకటి ఉన్నచో, లేక ఒక పెట్టెను పైపైన చూచి మూసివేసినచో, నిర్ణయము తప్పిపోవును.

ఈ విధమైన ఊహకు న్యాయశాస్త్రములో పరిశేషమని పేరు. న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు దీనికి శబ్దమును ఉదాహరణముగా చూపెను. శబ్దము ద్రవ్యమా, గుణమా, కర్మమా అను ప్రశ్నలో, అది ద్రవ్యము కాదు, కర్మము కాదు, కావున మిగిలిన గుణమే యగునని నిర్ణయము. శబ్దమును తరంగచలనముగా చెప్పు నేటి భౌతికశాస్త్రమునకు ఆ మూడు పేర్ల జాబితా సరిపడదు. కాని వానిని తీసివేసి, అయిన దానిని పట్టుకొను పద్ధతి మాత్రము నేటికిని చెల్లుచున్నది.

గడుల పట్టికతో సాధించు చిక్కుప్రశ్నలు ఈ పద్ధతికి మంచి అభ్యాసము. ఆలిస్ కథలు వ్రాసిన లూయీ కారల్ ఆక్స్‌ఫర్డులో గణితశాస్త్ర బోధకుడు. ఆయన 1886లో పిల్లలకొరకు తర్కమును ఒక ఆటగా మార్చి పుస్తకము ప్రకటించెను. అందు గడులు గీసిన బల్లపై ఎర్రబిళ్ల పెట్టినచో ఆ గడిలో ఏదో ఉన్నదనియు, బూడిదరంగు బిళ్ల పెట్టినచో ఆ గడి శూన్యమనియు అర్థము. 1962 డిసెంబరులో లైఫ్ ఇంటర్నేషనల్ అను పత్రిక అయిదు ఇండ్లు, అయిదు దేశములవారు, అయిదు జంతువులు గల ఒక ప్రశ్న ప్రకటించెను. జీబ్రా ఎవరిదని అడుగు ఆ ప్రశ్న నేటికిని ప్రసిద్ధము. దానిని ఐన్‌స్టీన్ బాల్యములో కల్పించెనని పలువురు చెప్పుదురు గాని, అందుకు ఆధారము లేదు.

ప్రశ్న

1961 నుండి 1963 వరకు సోవియట్ యూనియన్ వోస్తోక్ అను నౌకలలో ఆరుగురిని, నౌకకు ఒక్కరు చొప్పున, భూమిచుట్టు తిరిగివచ్చుటకు పంపెను. రేడియోలో మాటలాడుటకు ప్రతివారికి ఒక పిలుపు పేరు ఉండెను. ఆ ఆరుగురిలో నలుగురిని ఈ ప్రశ్నకు తీసికొనవచ్చును: యూరీ గగారిన్, గెర్మన్ టిటోవ్, ఆంద్రియాన్ నికొలాయెవ్, వాలెంటీనా తెరిష్కోవా. వారి పిలుపు పేర్లు, వరుస మార్చి చెప్పినచో, చైకా, కేద్ర్, సోకల్, అర్యోల్. ఇవి రష్యను మాటలు. చైకా యనగా సముద్రతీరమున తిరుగు తెల్లని పక్షి. కేద్ర్ యనగా దేవదారు. సోకల్ యనగా డేగ. అర్యోల్ యనగా పెద్ద గ్రద్ద. వారు భూమికి చేసిన ప్రదక్షిణములు 1, 17, 48, 64. ఎవరి పిలుపు పేరు ఏది? ఎవరు ఎన్ని ప్రదక్షిణములు చేసిరి? సూచనలు నాలుగు.

1. ఒక్క ప్రదక్షిణము చేసినవారి పిలుపు పేరు పక్షి పేరు కాదు.
2. డేగ అను పేరుగలవారు సముద్రపక్షి అను పేరుగలవారికంటె ఎక్కువ ప్రదక్షిణములు చేసిరి. సముద్రపక్షి అను పేరుగలవారు టిటోవ్ కంటె ఎక్కువ చేసిరి.
3. గగారిన్ చేసిన ప్రదక్షిణములు టిటోవ్ చేసిన వానికంటె తక్కువ.
4. నికొలాయెవ్ పిలుపు పేరు సముద్రపక్షి కాదు.

ఈ ప్రశ్నలో జవాబు చరిత్రలో జరిగినదే. గగారిన్ ఎన్ని పర్యాయములు తిరిగెనో విద్యార్థులలో పలువురికి తెలియును. అయినను ఆ తెలిసిన సంగతిని పట్టికలో చేర్చరాదు. నాలుగు సూచనలనుండి వచ్చునది మాత్రమే చేర్చవలెను. జ్ఞాపకమువలన వచ్చిన జవాబు సరియైనదే కావచ్చును. కాని అది నిరూపణము కాదు. ఈ నియమమును పాటించితినా లేదా అని విద్యార్థి తన్ను తాను పరీక్షించుకొనుటకు సులభమైన మార్గము కలదు. పేర్లకు బదులుగా క, చ, ట, త అను అక్షరములు పెట్టవలెను. అప్పటికిని ప్రతిమెట్టు నిలిచినచో అది తర్కము. నిలువనిచో ఎక్కడనో జ్ఞాపకము చొరబడినదని గ్రహించవలెను.

పట్టిక, గుర్తులు

మూడు వర్గములు, వర్గమునకు నాలుగేసి అంశములు. ఏ రెండు వర్గములను ఎదురెదురుగ పెట్టినను 16 గడుల చతురము ఏర్పడును. వ్యక్తులకు పిలుపు పేర్లతో ఒకటి, వ్యక్తులకు ప్రదక్షిణములతో ఒకటి, ప్రదక్షిణములకు పిలుపు పేర్లతో ఒకటి, మొత్తము మూడు చతురములు, 48 గడులు.

సంబంధము లేదని తేలినచో గడిలో ఇంటూ గుర్తు, ఉన్నదని తేలినచో టిక్కు గుర్తు వేయవలెను. ఏమియు తెలియని గడిని ఖాళీగా విడువవలెను. ఖాళీ గడియు, ఇంటూ వేసిన గడియు ఒకటి కావు. "ఇంకను తెలియదు" అనుట ఒకటి, "కాదని తెలిసినది" అనుట వేరొకటి. ఈ భేదమును మరచుటయే ప్రారంభకులు చేయు తప్పులలో ముఖ్యమైనది.

గుర్తులకు మూడు నియమములు కలవు.

మొదటిది: ఒక చతురములో టిక్కు పడినచో, ఆ అడ్డువరుసలోను ఆ నిలువువరుసలోను మిగిలిన ఆరు గడులకు ఇంటూ పడును. ఒకరికి ఒకే పేరు, ఒక పేరు ఒకరికే అనుట దీనికి కారణము.

రెండవది: ఒక వరుసలో మూడు ఇంటూలు పడినచో నాల్గవ గడికి టిక్కు పడును. తాళముచెవి కథ ఇదియే.

మూడవది: ఒక చతురములో తెలిసినది మరియొక చతురమునకు మోసికొనిపోవచ్చును. ఒక వ్యక్తి 17 ప్రదక్షిణములు చేసెనని, 17 ప్రదక్షిణముల వారి పేరు గ్రద్ద యని తెలిసినచో, ఆ వ్యక్తి పేరు గ్రద్దయే. అట్లే 17 ప్రదక్షిణముల వారి పేరు డేగ కాదని తెలిసినచో, ఆ వ్యక్తి పేరు డేగ కాదు. ఇంటూ గుర్తులను కూడ ఇట్లు మోయవచ్చునని చాలమందికి తోచదు. పని ఆగిపోయినదని తోచినప్పుడు మొదట వెదకవలసినది ఇట్టి ఇంటూలనే.

సాధన

మొదటి సూచన: నాలుగు పేర్లలో మూడు పక్షుల పేర్లు. ఒక్క ప్రదక్షిణము చేసినవారి పేరు ఆ మూడింటిలో ఏదియు కాదు. మిగిలినది దేవదారు. కావున 1 - దేవదారు గడికి టిక్కు. 17, 48, 64 సంఖ్యలకు దేవదారు గడిలో ఇంటూ.

రెండవ సూచన: ఇందులో పైకి కనిపించు సంగతి యొకటి, లోపల దాగిన సంగతులు కొన్ని. డేగ, సముద్రపక్షి, టిటోవ్ అను మూడింటిని ఎక్కువ తక్కువలతో పోల్చుటచేతనే వారు ముగ్గురు వేరువేరు మనుష్యులని తెలియును. కావున టిటోవ్ పేరు డేగ కాదు, సముద్రపక్షియు కాదు. ఇక సంఖ్యల సంగతి. టిటోవ్ కంటె ఎక్కువ చేసినవారు కనీసము ఇద్దరున్నారు. కావున టిటోవ్ సంఖ్య 64 కాదు, 48 కాదు. సముద్రపక్షికంటె ఎక్కువ చేసినవారున్నారు గనుక దాని సంఖ్య 64 కాదు. డేగకంటె తక్కువ చేసినవారు కనీసము ఇద్దరున్నారు గనుక దాని సంఖ్య 17 కాదు. (1 కాదని మొదటి సూచనయే చెప్పినది.) ఒక్క వాక్యమునుండి ఆరు ఇంటూలు లభించినవి. ఇప్పటికి పట్టిక ఇట్లుండును. చుక్క పెట్టిన గడులు ఖాళీ గడులు.

| | దేవదారు | గ్రద్ద | డేగ | సముద్రపక్షి | 1 | 17 | 48 | 64 |
|---|---|---|---|---|---|---|---|---|
| గగారిన్ | · | · | · | · | · | · | · | · |
| టిటోవ్ | · | · | × | × | · | · | × | × |
| నికొలాయెవ్ | · | · | · | · | · | · | · | · |
| తెరిష్కోవా | · | · | · | · | · | · | · | · |
| 1 | ✓ | × | × | × | | | | |
| 17 | × | · | × | · | | | | |
| 48 | × | · | · | · | | | | |
| 64 | × | · | · | × | | | | |

మూడవ సూచన: గగారిన్ సంఖ్య టిటోవ్ సంఖ్యకంటె తక్కువ. కావున టిటోవ్ సంఖ్య 1 కాదు. టిటోవ్ వరుసలో 48, 64 గడులకు ఇదివరకే ఇంటూలున్నవి. మిగిలినది 17. ఇది మొదటి టిక్కును పుట్టించిన ఇంటూలకు చక్కని ఉదాహరణము: టిటోవ్ పదునేడు ప్రదక్షిణములు చేసెనని ఏ సూచనయు చెప్పలేదు. పదునేడుకంటె తక్కువైన సంఖ్య 1 మాత్రమే గనుక గగారిన్ సంఖ్య 1.

ఇప్పుడు మూడవ నియమమును ఉపయోగించవలెను. గగారిన్ సంఖ్య 1. ఒక్క ప్రదక్షిణము వారి పేరు దేవదారు. కావున గగారిన్ పేరు దేవదారు. అందుచే టిటోవ్ పేరు దేవదారు కాదు. డేగ, సముద్రపక్షి కావని ముందే తెలియును గనుక టిటోవ్ పేరు గ్రద్ద. గ్రద్ద సంఖ్య 17 అయినది గనుక సముద్రపక్షి సంఖ్య 17 కాదు, 1, 64 కావని ముందే తెలియును, కావున 48. డేగకు మిగిలినది 64.

ఇక నికొలాయెవ్, తెరిష్కోవా అను ఇద్దరు మిగిలిరి. డేగ, సముద్రపక్షి అను రెండు పేర్లు మిగిలినవి. నాల్గవ సూచనవలన నికొలాయెవ్ పేరు సముద్రపక్షి కాదు, డేగ. ఆయన సంఖ్య 64. తెరిష్కోవా పేరు సముద్రపక్షి. ఆమె సంఖ్య 48.

ఎక్కడను ఊహించి చూచుట, సరిపడనిచో మార్చుట జరుగలేదు. ఇంతకంటె కఠినమైన ప్రశ్నలలో మూడు నియమములు చాలనిచో, ఒక ఖాళీ గడిలో టిక్కు ఉన్నదని తాత్కాలికముగా అనుకొని, దాని ఫలితములను చివరివరకు పరిశీలించవచ్చును. ఎక్కడనైన ఒక గడిలో టిక్కు, ఇంటూ రెండును పడవలసివచ్చినచో మొదటి అనుకోలు అసంభవము. రెండు యొక్క వర్గమూలము అకరణీయమని నిరూపించునపుడు గణితములో చేయునదియు ఇదియే. అయితే విరుద్ధము కనబడనంతమాత్రమున అనుకోలు నిజమైనదని చెప్పరాదు.

సూచనల బలము

నలుగురు వ్యక్తులకు నాలుగు సంఖ్యలను 24 విధములుగ పంచవచ్చును. నాలుగు పేర్లను మరల 24 విధములుగ పంచవచ్చును. కావున సూచనలు చదువకముందు 24 × 24 = 576 జవాబులకు అవకాశము కలదు. మొదటి సూచన చదివినంతనే వానిలో నాల్గవవంతు, 144 మాత్రము నిలుచును. రెండవ సూచన వానిని 24కు దించును. మూడవది 2కు, నాల్గవది 1కి దించును.

ఒక్కొక్క సూచనను దాచివేసి, మిగిలిన మూడింటితో ఎన్ని జవాబులు నిలుచునో లెక్కించుట విద్యార్థులకు మంచి పని. మొదటి సూచన లేనిచో రెండు జవాబులు, రెండవది లేనిచో 54, మూడవది లేనిచో 16, నాల్గవది లేనిచో రెండు జవాబులు మిగులును. నాలుగింటిలో ఏదియు వ్యర్థము కాదు. ప్రశ్న కూర్చువారు ఈ పరీక్ష తప్పక చేయవలెను. ఒకటికంటె ఎక్కువ జవాబులు మిగులు ప్రశ్న అసంపూర్ణము. ఒక జవాబైనను మిగులని ప్రశ్నలో సూచనలు ఒకదానితో ఒకటి విరోధించుచున్నవి.

తర్కముతో వచ్చిన జవాబును భౌతికశాస్త్రముతో సరిచూచుటకు వీలున్నది. టిటోవ్ ప్రయాణము 1961 ఆగస్టు 6న మొదలై 25 గంటల 18 నిమిషములు సాగెను. అది 1,518 నిమిషములు. 17 చేత భాగించినచో ఒక్క ప్రదక్షిణమునకు ఇంచుమించు 89 నిమిషములు. తెరిష్కోవా 1963 జూన్ 16న బయలుదేరి 70 గంటల 50 నిమిషములు ప్రయాణము చేసెను. అది 4,250 నిమిషములు. 48 చేత భాగించినను ఇంచుమించు 89 నిమిషములే. భూమికి సమీపమున, ఇంచుమించు ఒకే ఎత్తున తిరుగు నౌకలకు ప్రదక్షిణ కాలము కూడ ఇంచుమించు ఒకటే కావలెను. లెక్క సరిపోయినది. ప్రశ్నలోని సంఖ్యలను మార్చివేసియుండినచో పట్టిక అట్లే పూర్తియగును గాని, ఈ భాగహారము సరిపోదు. సూచనలు నిజమైనవా కావా అని పట్టిక చెప్పజాలదు. అవి నిజమైనచో ఏమి తేలునో మాత్రమే చెప్పును.

తప్పుగా పడిన ఇంటూ

కాగితముమీద తప్పు ఇంటూను రబ్బరుతో చెరిపివేయవచ్చును. విమానశాస్త్రములో ఒకానొకప్పుడు అట్టి తప్పుకు ప్రాణములు చెల్లించవలసివచ్చినది.

బ్రిటనులో తయారైన కామెట్ విమానము 1952 మే 2న ప్రయాణికులతో రాకపోకలు ప్రారంభించెను. జెట్ విమానములలో ప్రయాణికుల సర్వీసుకు అదియే ప్రథమము. 1954 జనవరి 10న రోము నుండి లండనుకు పోవుచున్న ఒక కామెట్ ఎల్బా దీవి సమీపమున ఆకాశములోనే విచ్ఛిన్నమై సముద్రములో పడెను. అందున్న 35 మందియు మరణించిరి. కామెట్ల రాకపోకలను ఆపి, కారణములు కాదగిన వానిని జాబితాగా వ్రాసి పరిశీలించిరి. మంట చెలరేగుటయే ఎక్కువ సంభవమని తోచెను. జాబితాలోని కారణములకు విరుగుడుగా పలుమార్పులు చేసి, మార్చి 23న రాకపోకలు తిరిగి ప్రారంభించిరి. పదునారు దినములకే, ఏప్రిల్ 8న, మరియొక కామెట్ నేపుల్సు సమీపమున సముద్రములో కూలెను. 21 మంది మరణించిరి.

జాబితాలో కావలసినంత అనుమానమునకు గురికాని అంశమొకటి ఉండెను. ఎత్తున ఎగురు విమానములో ప్రయాణికులు ఊపిరి పీల్చుటకు క్యాబిన్‌లో గాలిని ఒత్తిడితో నింపుదురు. ప్రతి ప్రయాణములోను క్యాబిన్ గోడ ఒకసారి సాగి, మరల యథాస్థితికి వచ్చును. సన్నని తీగను పలుమార్లు అటునిటు వంచినచో తెగునట్లు, ఇట్లు పదేపదే సాగు లోహము కూడ క్రమముగా బీటలువారును. దీనిని లోహపు అలసట అందురు. తయారుచేసినవారు ఈ సంగతి ఎరుగక కాదు. వారు ఒక క్యాబిన్ భాగమునకు వేలకొలది పర్యాయములు ఒత్తిడి పెట్టి చూచిరి, అది నిలిచెను. ఆ ధైర్యముతో క్యాబిన్ అలసటకు ఇంచుమించు ఇంటూ గుర్తు పడినట్లయ్యెను.

రెండవ ప్రమాదము తరువాత ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనాలయమువారు, ఆర్నల్డ్ హాల్ నాయకత్వమున, ఒక పూర్తి కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో నిలిపి, క్యాబిన్‌ను నీటితో నింపి, ఒత్తిడిని పదేపదే పెంచుచు తగ్గించుచు వచ్చిరి. గాలివలె నీరు నొక్కుడుపడదు. కావున గోడ చీలినను పేలుడు జరుగక, చీలిక మొదలైన చోటు చెడక కనబడును. ఆ విమానము అంతకుముందు 1,221 పర్యాయములు ఎగిరియుండెను. తొట్టిలో 1,836 ప్రయాణములకు సమానమైన ఒత్తిడి పడినంతనే క్యాబిన్ చీలెను. మొత్తము 3,057. ఎల్బా వద్ద పడిన విమానము 1,290 పర్యాయములు, నేపుల్సు వద్ద పడినది 900 పర్యాయములు ఒత్తిడితో ఎగిరియుండెను. సముద్రగర్భమునుండి పైకి తీసిన ముక్కలలో ఎల్బా విమానపు పైకప్పులో రేడియో సాధనముకొరకు కోసిన తెరపి వద్ద అలసట గుర్తులు కనబడెను.

మరి మొదటి పరీక్షలో క్యాబిన్ భాగము అన్ని వేల పర్యాయములు ఎట్లు నిలిచినది? దానిపై ముందుగా మామూలుకు రెట్టింపు ఒత్తిడి పెట్టియుండిరి. అందువలన తెరపుల మూలల వద్ద లోహము కొంచెము సాగి సర్దుకొని, తరువాతి అలసటకు ఎక్కువగా ఓర్చుకొనెను. ప్రయాణికులను మోసిన విమానములకు అట్టి ఒత్తిడి ముందుగా పడలేదు. పరీక్షలో కనబడినది నిజమే. కాని అది పరీక్షించిన వస్తువును గురించిన నిజము. దానిని వేరొక వస్తువు వరుసలోనికి మోసికొనిపోవుటలో పొరపాటు జరిగినది. పట్టికలో మూడవ నియమమును ఉపయోగించునపుడు విద్యార్థి వేసికొనవలసిన ప్రశ్నయు ఇదియే: ఈ గుర్తును ఒక చోటినుండి మరియొక చోటికి మోయుటకు, ఆ రెండును నిజముగా ఒకటేనా?

ఉపాధ్యాయులకు

తరగతిలో ఈ ప్రశ్నలను చేయించునపుడు జవాబుకంటె కారణములనే ఎక్కువగా అడుగవలెను. ప్రతి ఇంటూ ప్రక్కన అది ఏ సూచనవలన లేక ఏ నియమమువలన వచ్చినదో చిన్న అంకెతో వ్రాయించుట మంచిది. తప్పు జరిగినచో అంకెల వెంబడి వెనుకకు నడచి, తప్పిన మెట్టును పిల్లలే పట్టుకొనగలరు. అంకె లేని గుర్తు ఊహవలన వచ్చినదన్నమాట.

తెలుగులో ప్రశ్న కూర్చువారు క్రియాపదముల విషయములో జాగ్రత్త వహింపవలెను. "48 ప్రదక్షిణములు చేసినవాడు" అని వ్రాసినచో ఆ వ్యక్తి తెరిష్కోవా కాదని, "చేసినది" అని వ్రాసినచో తెరిష్కోవాయే యని, సూచన చెప్పని సంగతిని క్రియ చెప్పివేయును. అందుచేతనే పై సూచనలలో "చేసినవారు" అను రూపము వాడబడినది.

నాల్గవ వర్గముగా ప్రయాణపు తేదీలను చేర్చినచో గడులు 96 అగును. మొదట సాధ్యమైన జవాబులు 13,824 అగును. పిల్లలు మూడు వర్గములతో అలవాటు పడిన పిమ్మట నాలుగింటికి పోవుట మేలు.

అభ్యాసము

ఆర్యభట, రోహిణి ఆర్.ఎస్.-1, ఆపిల్, ఇన్సాట్-1బి అను నాలుగు భారతీయ ఉపగ్రహములు 1975, 1980, 1981, 1983 సంవత్సరములలో, సంవత్సరమునకు ఒకటి చొప్పున ప్రయోగింపబడెను. ప్రయోగస్థలములు నాలుగు: ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట, రష్యాలోని కపూస్తిన్ యార్, ఫ్రెంచి గయానాలోని కూరూ, అమెరికాలోని ఫ్లోరిడా తీరము. ఒక్కొక్క స్థలమునుండి ఒక్కొక్కటి బయలుదేరెను.

1. శ్రీహరికోట ప్రయోగము జరిగిన మరుసటి సంవత్సరమే ఆపిల్ ప్రయోగము జరిగెను.
2. శ్రీహరికోట ప్రయోగమునకు ముందే ఆర్యభట ప్రయోగము జరిగెను.
3. ఇన్సాట్-1బి శ్రీహరికోటనుండి బయలుదేరలేదు.
4. ఆర్యభట గాని, ఆపిల్ గాని ఫ్లోరిడానుండి బయలుదేరలేదు.
5. కపూస్తిన్ యార్ ప్రయోగము తరువాతనే కూరూ ప్రయోగము జరిగెను.

మొదటి సూచనలో "మరుసటి సంవత్సరమే" అను మాటకు ఎంత బలమున్నదో సంవత్సరముల జాబితా చూచి గ్రహింపవలెను.

జవాబు: నాలుగు సంవత్సరములలో వెంటవెంటనే వచ్చునవి 1980, 1981 మాత్రమే. కావున శ్రీహరికోట 1980, ఆపిల్ 1981. ఆర్యభట అంతకు ముందుది గనుక 1975. శ్రీహరికోటనుండి 1980లో బయలుదేరినది ఇన్సాట్-1బి కాదు, కావున రోహిణి. ఇన్సాట్-1బికి మిగిలినది 1983. నాల్గవ సూచనవలన ఫ్లోరిడా ఇన్సాట్-1బిది. ఐదవ సూచనవలన 1975 నాటి ఆర్యభట కపూస్తిన్ యార్ నుండి, 1981 నాటి ఆపిల్ కూరూ నుండి బయలుదేరినవి.